ఎవరి పేరు మీద

హన్మకొండ,
4-10-1977

శారదా,

నీ రెండు కార్డులూ అందాయి. కిషన్ రావు చనిపోయాడన్న కార్డు శనివారం వచ్చింది. చనిపోలేదన్న కార్డు నిన్న, సోమవారం వచ్చింది. అతని నెత్తిన కాకి తన్నిందనీ, అలా తన్నిన మనిషి చావు కబురు అయినవాళ్లకు పంపాలనీ, వాళ్లు నిజమనుకుని ఏడిస్తే గండం తప్పుతుందనీ, మేం ఏడ్చే ఉంటాం గనుక ఇక ఫికరు లేదనీ రాశావు. ఆ రెండు రోజులూ ఇక్కడ ఏం జరిగిందో నీకు తెలియాలి.

అన్నయ్య చౌరస్తాలో బట్టల కొట్టు మూసి అప్పటికప్పుడు రైలెక్కేవాడే. కాని హసన్‌పర్తిలో మీ అత్తమ్మ సావిత్రమ్మ గారికి కూడా అదే కార్డు వేశావట. పోస్టుమాన్ చదివి వినిపిస్తే ఆమె గడప మీదే పడిపోయింది. అన్నయ్య ఆమెను దవాఖానలో చేర్చి అక్కడే కూర్చున్నాడు. వదిన ఏడ్చిన ఏడుపుకు పక్క కొట్లవాళ్లు కూడా షట్టర్లు దించారు. నిన్న రెండో కార్డు పట్టుకుని సావిత్రమ్మ గారి మంచం దగ్గరికి వెళ్లింది నేనే. విని, “నా కొడుకు బతికుండంగనే నాతోని ఏడిపిచ్చుకున్నడా? ఏడ్సిన ఏడుపు వాపసిస్తరా బిడ్డా?” అంది.

నేను మాత్రం ఏడవలేదు. కార్డు మీద నీ అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా ఉన్నాయి. భర్త పోయిన మనిషి ఇంత కుదురుగా రాయగలదా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. కాలేజీలో పదిహేనేళ్లుగా తర్కశాస్త్రం చెప్పడం వల్ల వచ్చిన గుణమో, పుట్టుకతో ఉన్నదో తెలియదు. నేను ఏడవకపోతే గండం తప్పదని మీ ఊరివాళ్లు అంటారేమో, వాళ్లకు చెప్పకు.

ఒక్క మాట ఇయ్యి. మంచికైనా సరే, మనిద్దరి మధ్య అబద్ధపు కబురు ఇంకెప్పుడూ రాకూడదు.

అక్క,
భారతి


గవ్వలపాలెం,
23-10-1977

అక్కా,

నీ ఉత్తరం చదివితే మొదట నవ్వొచ్చింది. అత్తమ్మ సంగతి దగ్గరికి వచ్చాక నవ్వు పోయింది. ఆయన నా చేతిలోంచి తీసుకుని చదివి, బయటికి వెళ్లి ఉప్పు మళ్ల గట్టు మీద కాసేపు నిలబడ్డాడు. లోపలికి వచ్చాక మాత్రం, “నేను సచ్చినంక మా అమ్మ ఎట్ల ఏడుస్తదో ముందుగాలనే ఎరుకైంది. గీ భాగ్యం ఎందరికుంటది?” అన్నాడు. ఆయన సంగతి నీకు తెలుసుగా, ఏదైనా నవ్వులోకే తిప్పుతాడు.

నేను ఇష్టపడి రాయలేదక్కా. పక్కింటి నాంచారమ్మ మూడు రోజులు వెంటపడింది. “ఎగతాళి కాదమ్మాయ్, మా మావని కాకి తంతే కబురెట్టలేదు, నెల తిరక్కుండా పోయాడు. రాయి, రాయి, నీ పసుపూ కుంకాల కోసం చెబుతున్నా” అని కార్డు కూడా తనే తెచ్చింది. ఈ ఊళ్లో నన్ను పలకరించే మనిషి ఆమె ఒక్కతే. మిగతావాళ్లకు నా మాట అర్థం కాదు, నాకు వాళ్ల కోపం అర్థం కాదు.

బతుకమ్మ నేనొక్కదాన్నే పేర్చుకున్నాను. ఇక్కడ తంగేడు పువ్వు లేదు. బంతిపూలతో పేరిస్తే నాంచారమ్మ వచ్చి చుట్టూ తిరిగి, “ఇదేం దేవుడమ్మా, పూలే దేవుడా?” అంది. సముద్రం మా క్వార్టరుకు మైలు దూరం. కనిపించదు, మోత వినిపిస్తుంది. ఇక్కడివాళ్లు తుఫాను గురించి మనం బస్సు గురించి మాట్లాడినట్టు మాట్లాడతారు. వస్తుందట, ఆలస్యమైందట, ఈసారి రాదట.

నువ్వు అడిగిన మాట ఇస్తున్నాను. అబద్ధపు కబురు ఇంక రాయను.

నీ
శారద


హన్మకొండ,
31-10-1977

శారదా,

పొద్దున రేడియోలో మీ పక్కనున్న బందరు పేరు వినిపించింది. వాయుగుండమన్నారు, తర్వాత బలహీనపడిందన్నారు. వరంగల్‌లో పుట్టినవాళ్లకు ఈ మాటలు ఏదో వేరే శాస్త్రానివి అనిపిస్తాయి. ఈ కార్తీకం గడిచేదాకా ఇద్దరూ ఇక్కడికి వచ్చేయండి. నా ఇంట్లో గది ఖాళీగానే ఉంది. నేను అనవసరంగా భయపడుతూ ఉండొచ్చు. అయినా రండి.

భారతి


గవ్వలపాలెం,
8-11-1977

అక్కా,

నీ కార్డు చూసి ఆయనను అడిగాను, నువ్వు పిలిచావని. “ఉప్పు రాసులను ఎవనికి అప్పజెప్పి రావాలె?” అన్నాడు. ఎండాకాలం పండిన ఉప్పంతా కొఠారు దగ్గర ఇళ్లంత ఎత్తున రాసులు పోసి ఉంది. వాటి మీద తాటాకు కప్పించడమే ఇప్పుడు ఈయన పని. గాలికి ఆకు లేచిపోతుంది, మళ్లీ కప్పిస్తాడు. పది రోజుల కింద వీచిన గాలికి మా వంటింటి కప్పు కూడా పోయింది, నీళ్లు వాకిలి దాకా వచ్చి వెనక్కి వెళ్లాయి. నాంచారమ్మ చిన్నప్పుడు ఒకసారి ఎక్కడిదాకా వచ్చాయో చూపించింది. మా కిటికీ పై అంచు. చూపించి, “అప్పుడీ ఇల్లు లేదులే” అంది, నాకు ధైర్యం చెప్పినట్టు.

నాకు భయంగా ఉందక్కా. ఎవరితోనూ అనలేదు, నీతో అంటున్నాను. వినపడేది గాలో సముద్రమో తెలియక పట్టపగలే పని ఆపి నిలబడిపోతున్నాను.

సెలవు అడిగితే పై ఆఫీసరు ఇవ్వలేదు. భార్యకో, పిల్లలకో, కన్నవాళ్లకో ప్రాణం మీదికి వస్తే తప్ప ఇప్పుడు ఎవరికీ సెలవు లేదట. అందుకే అడుగుతున్నాను, తిట్టకు. అత్తమ్మ పేరు మీద టెలిగ్రాఫ్ ఆఫీసులో ఒక తారు ఇయ్యి. ‘సావిత్రమ్మ సీరియస్, వెంటనే బయలుదేరండి.’ అంతే. అది చూపిస్తే ఆయనను వదులుతారు. ఆయనకూ చెప్పను, చెబితే ఒప్పుకోడు. మొన్ననే మాటిచ్చి ఇప్పుడు నిన్ను తప్పమంటున్నాను, తెలుసు. నేను రాయనని మాటిచ్చాను, నువ్వు తారు ఇయ్యనని ఎవరికీ మాటివ్వలేదు కదా.

నీ
శారద


హన్మకొండ,
13-11-1977

శారదా,

నీ ఉత్తరం నిన్న అందింది. ఒక రోజంతా ఆలోచించి రాస్తున్నాను.

సావిత్రమ్మ గారి పేరు మీద నేను తారు ఇవ్వలేను. నెల కిందటే ఆమెను ఒక అబద్ధంతో పడగొట్టాం. మళ్లీ ఆమె పేరుతోనే ఇంకొకటి రాయాలంటే చెయ్యి రావడం లేదు. నాకు శకునాల మీద నమ్మకం లేదు. కాని రేపు ఆమెకు నిజంగా ఏదైనా అయితే, నేను రాసినందువల్ల కాలేదని నన్ను నేను ఒప్పించుకోగలనా? ఒప్పించుకోలేను. నమ్మకం లేని మనిషి కూడా ఇలా ఆలోచిస్తుందని నీకు వింతగా ఉండొచ్చు.

కిషన్ రావు ఉన్నది ఉన్నట్టు దరఖాస్తు పెట్టుకుంటే బాగుంటుంది. క్వార్టరు కప్పు పోయింది, భార్య భయపడుతోంది, పది రోజులకు పుట్టింట్లో దింపి వస్తాను అని. నిజం రాస్తే ఎందుకివ్వరు? తమిళనాడులో తుఫాను తీరం దాటిందని రేడియోలో చెప్పారు. కాబట్టి ఈ ఏటికి మీ వైపు గండం గడిచినట్టేనేమో.

ఈ ఉత్తరం నీకు నచ్చదు. నాకే సరిగా నచ్చలేదు, అయినా పోస్టు చేస్తున్నాను.

భారతి


హన్మకొండ,
18-11-1977, శుక్రవారం

శారదా,

ఈ ఉత్తరం కంటే ముందే నీకు టెలిగ్రాం చేరి ఉంటుంది. మొదటి మాట: నాకేమీ కాలేదు. బాగానే ఉన్నాను.

నిన్నటి నుంచీ రేడియో ప్రతి వార్తల్లోనూ మీ తీరం పేరే చెబుతోంది. క్లాసులో సగం చెప్పిన పాఠం ఆపేసి టెలిగ్రాఫ్ ఆఫీసుకు వెళ్లాను. ఫారం మీద ముందు ‘సావిత్రమ్మ’ అని రాశాను. కొట్టేశాను. ఇంకో ఫారం తీసుకుని, అబద్ధం ఆడక తప్పనప్పుడు నాకు హక్కున్న పేరు ఏదని ఆలోచిస్తే ఒక్కటే కనిపించింది. ‘భారతి సీరియస్, ఇద్దరూ వెంటనే బయలుదేరండి’ అని రాసి ఇచ్చాను.

క్లర్కు చదివి, “ఎవరికి సీరియస్ మేడం?” అన్నాడు.

“నాకే.”

తలెత్తి నన్ను కాళ్ల దాకా చూశాడు. “మీరు నిలవడ్డరు గద మేడం” అన్నాడు. వెనక లైనులో ఎవరో, “జల్ది కొట్టు భయ్యా, గామె పడిపోకముందే” అన్నారు. అందరూ నవ్వారు. క్లర్కు ముద్ర వేశాడు.

తిరిగి వచ్చే దారిలో, భార్య అక్క పేరు మీద మగవాడికి సెలవిస్తారా అన్న అనుమానం వచ్చింది. నువ్వు రాసిన జాబితాలో నేను లేను. కాని ప్రాణం మీదికి వచ్చిందంటే ఏ ఆఫీసరైనా మనిషే కదా అనుకుని ఇంటికి వచ్చేశాను.

మీరు బయలుదేరి ఉంటే ఈ ఉత్తరం మీకు అందదు. అందకూడదనే అనుకుంటున్నాను.

భారతి


బెజవాడ స్టేషన్,
20-11-1977

అక్కకు,

నిన్న మధ్యాహ్నం ఇక్కడ దిగాను. రైళ్లు లేవు. ఆయన రాలేదు, ఇవ్వాళ వస్తానన్నాడు. బందరు వైపు స్తంభాలన్నీ పడిపోయాయట, ఏ కబురూ తెలియడం లేదు. సముద్రం ఊళ్ల మీదికి వచ్చిందని ప్లాట్‌ఫారం మీద అంటున్నారు. వెనక్కి వెళ్తున్నాను. దొరికితే లారీ మీద, లేకపోతే నడిచి. నీ ఒంట్లో ఎలా ఉంది? బందరులో నాంచారమ్మ చెల్లెలి ఇంట్లో ఉంటాను, అడ్రసు వెనక రాశాను.

శారద


బందరు,
28-11-1977

భారతి అక్కకు,

వెనక్కి వచ్చే దారిలో పడ్డాను, కుడి చేతికి కట్టు ఉంది. ఇది నాంచారమ్మ గారి చెల్లెలి కూతురు రాస్తోంది, నేను చెబుతున్నాను.

ఆయన మంగళవారం దొరికాడు. ఉప్పు కొఠారు నుంచి మూడు మైళ్లు లోపలికి, తుమ్మచెట్ల మధ్య. చొక్కా జేబులో కొఠారు తాళాలున్నాయి. ఉప్పు మళ్లలో పనిచేసే ఇద్దరు గుర్తుపట్టారు. అప్పటికి చాలామందిని ఒకే చోట దహనం చేస్తున్నారు, ఈయనను వాళ్లు విడిగా పెట్టి నాకోసం ఆగారు. అన్నయ్య శుక్రవారం వచ్చాడు. మిగతా కార్యం కృష్ణ ఒడ్డున చేయించాడు.

నాంచారమ్మ లేదు. మా క్వార్టరు లేదు. గవ్వలపాలెంలో ఇప్పుడు ఎవరూ లేరు. ఉప్పు రాసులు ఉన్నచోట నేల తెల్లగా కూడా లేదు.

ఆఫీసు కాగితాల కోసం ఇంకో రెండు వారాలు ఇక్కడే ఉండాలి. నీ ఒంట్లో ఎలా ఉందో రాయలేదు. అన్నయ్యను అడిగితే ఏమీ తెలియనట్టు చూశాడు. ఆరోగ్యం జాగ్రత్త.

శారద


హన్మకొండ,
3-12-1977

శారదా,

అన్నయ్య నిన్న తిరిగి వచ్చాడు. నేరుగా నా దగ్గరికే వచ్చి, చెప్పులు కూడా విడవకుండా, “నీకు సీరియస్ అని తారు పోయిందట. ఎవరిచ్చిండ్రే?” అన్నాడు. అతనికి ఇంకా జవాబు చెప్పలేదు. ముందు నీకు చెప్పాలి.

అన్నయ్య బందరు నుంచి పంపిన కబురు హసన్‌పర్తికి తీసుకెళ్లింది నేనే. సావిత్రమ్మ గారు వాకిట్లో మిరపకాయల తొడిమలు తీస్తున్నారు. చెప్పాను. ఆమె చెయ్యి ఆగలేదు. “మల్ల కాకి తన్నిందా?” అంది. కాదత్తమ్మా, తుఫాను అన్నాను. “పో బిడ్డా, పొయినసారి గూడ గిట్లనే చెప్పిండ్రు. సోమారం ఇంకో కారటు వస్తది” అంది. సోమవారం దాకా ఆమె ఎవరినీ ఏడవనివ్వలేదట. ఆ రోజు పోస్టుమాన్ ఏమీ తేలేదు. మంగళవారం ఆమె ఏడ్చింది. ఏడ్చి, అందరి ముందూ ఒక మాట అడిగింది. “వాన్ని నీళ్లల్ల ఇడిసి, అదెట్ల బయటికొచ్చింది?” ఆ ప్రశ్న ఇప్పుడు హసన్‌పర్తి అంతా అడుగుతోంది. నీకు ఎవరో ఒకరు చెబుతారు, నా నుంచే తెలియడం మంచిదని రాస్తున్నాను.

ఇక తారు సంగతి. నాకు ఏ జబ్బూ రాలేదు. పద్దెనిమిదిన అదంతా రాసి ఉత్తరం పోస్టు చేశాను, అది చేరే ఊరు లేకుండా పోయింది. నువ్వు సావిత్రమ్మ గారి పేరు అడిగావు, నేను నా పేరు పెట్టాను. ముసలామెకు అన్యాయం చేయకూడదనుకున్నాను. ఆమె పేరు పెట్టి ఉంటే కిషన్ రావుకు సెలవు దొరికేది, ఇద్దరూ ఆ బస్సులో ఉండేవారు. నాకు శుభ్రంగా ఉన్న అబద్ధం కావాలనిపించింది, దాంతో నువ్వు ఒక్కదానివే రాగలిగావు. తారు ఇవ్వకపోయినా ఒక లెక్క, సరిగా ఇచ్చినా ఒక లెక్క. ఏదో పుస్తకంలో ఉదాహరణ అయితే పిల్లలకు చక్కగా వివరించేదాన్ని.

నువ్వు నేను చనిపోతున్నానని నమ్మి అతన్ని వదిలి వచ్చావు. ఇప్పుడు కూడా ప్రతి ఉత్తరంలో నా ఆరోగ్యం అడుగుతున్నావు. నిన్ను ఇంకా అలా అడగనివ్వడం నావల్ల కాదు. క్షమించమని అడగడం లేదు, తెలియాలని రాశాను.

భారతి


బందరు,
9-12-1977

అక్కా,

కట్టు విప్పారు. ఇది నా చేత్తోనే రాస్తున్నాను, వంకర అక్షరాలు చూసి ఏమీ ఊహించుకోకు. మొన్నటిదాకా రాసిపెట్టినవాళ్లు పరాయివాళ్లు, అందుకే నీ ఒంట్లో ఎలా ఉందని అడుగుతూ వచ్చాను. బెజవాడ కార్డు ఎవరైనా చదవొచ్చు, దాని మీద కూడా అందుకే.

నేను నమ్మలేదక్కా. తారు విప్పిన నిమిషంలోనే తెలిసింది. అడిగింది నేను, పేరు మార్చింది నువ్వు, నువ్వు అలాగే చేస్తావని కూడా తెలుసు. నమ్మింది ఆయన. రెండుసార్లు చదివి, “భారతి వదినె ఉత్తగ తారియ్యది. ఇది నిజం. నువ్వు పో” అన్నాడు. ఆఫీసరు దగ్గరికి వెళ్లి అడిగాడు. వదినగారికైతే సెలవు లేదన్నారు. వచ్చి, “ఆకు కప్పుడు ఒక్కరోజు పని. ఆదివారం ఎట్లన్న జేసి వస్త. వదినెకు చెప్పు, నేనొచ్చేదాక ఫికర్ చేయొద్దని” అన్నాడు. శనివారం పొద్దున వానలో బస్సు దాకా వచ్చాడు. బస్సు కదిలాక పరిగెత్తుకొచ్చి, వాంతి అవుతుందేమోనని రెండు నిమ్మకాయలు కిటికీలోంచి ఇచ్చాడు.

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. అబద్ధమయ్యా, మీ వదిన బాగానే ఉంది అని. చెబితే నవ్వేవాడు. నవ్వి, అయితే దిగు, ఇద్దరం ఇక్కడే ఉందాం అనేవాడు. నాకు దిగాలని లేదు. నేను బతకాలనుకున్నాను, అంతే. బస్సు గట్టు దాటి రోడ్డెక్కినప్పుడు నాకు సంతోషంగా ఉండింది. నీకు చెప్పకపోతే ఇంకెవరికీ చెప్పలేను. కాబట్టి నువ్వు పేరు మార్చినందుకు ఆయన పోయాడని లెక్కలు వేయకు. ఆ లెక్కలో నేనూ ఉన్నాను, నన్ను వదిలేసి లెక్క తేల్చకు.

ఒకటి అడుగుతాను. పోయినసారి అడిగినప్పుడు సగం చేశావు, ఈసారి పూర్తిగా చెయ్యి. అత్తమ్మ ముందు నిలబడి ఆయనను వదిలి ఎట్లా వచ్చావంటే నా దగ్గర ఒక్కటే జవాబు ఉంది, మా అక్క చావుబతుకుల్లో ఉందని వచ్చాను అని. అది లేకపోతే నాకు హసన్‌పర్తి లేదు, వరంగల్ కూడా లేదు. అన్నయ్యకు నిజం చెప్పకు. వదినకు చెప్పకు. నీకు జబ్బు చేసింది. అంతే.

నేను సోమవారం, పంతొమ్మిదిన రైలెక్కుతాను. ముందు హసన్‌పర్తికే వెళ్లాలి.

నీ
శారద


హన్మకొండ,
14-12-1977

శారదా,

చెప్పాను.

అన్నయ్యకు ముందు చెప్పాను. పద్దెనిమిదో తారీఖున కాలేజీలో ఛాతీలో నొప్పి వచ్చింది, ఊపిరి ఆడలేదు, భయపడి నీకు తారు ఇప్పించాను, మీరు కంగారు పడతారని ఎవరికీ చెప్పలేదు అని. “నేను పోయేముందు కొట్టు కాడికొచ్చినవు గద, బాగనే ఉంటివి” అన్నాడు. అప్పటికి తగ్గిందన్నాను. చెప్పనందుకు తిట్టాడు. అతను నమ్మి తిట్టాడో, నమ్మాలని తిట్టాడో నాకు తెలియలేదు. అడగలేదు.

నిన్న ఇద్దరం హసన్‌పర్తి వెళ్లాం. సావిత్రమ్మ గారు నన్ను గడప దగ్గరే ఆపి అడిగారు. “ఆ దినం నీకు ఏమైంది బిడ్డా?” పాఠం చెప్పినట్టు అంతా చెప్పాను. నా గొంతు ఎక్కడా తడబడలేదు. శారదను చూడకుండా పోతానేమో అనిపించిందన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, నాడి చూడడం తెలిసినదానిలా మణికట్టు మీద వేళ్లు పెట్టి కూర్చుంది. “ఇంక కొట్టుకుంటనే ఉన్నది జోరుగ” అంది. అది నిజమే.

“మరి అదేం జేస్తది, తోడవుట్టిందానికి ప్రాణం మీదికొస్తె? నా కొడుకే పంపిండు గదా” అంది. నాతో కాదు, వాకిట్లో కూర్చున్న ఆడవాళ్లతో. ఇదే మాట ఇంకా గట్టిగా కూడా అంది, నువ్వు వచ్చాక నీతోనూ అంటుంది.

తర్వాత నన్ను వెళ్లనివ్వలేదు. ఎండలో నడవొద్దని, లోపల కిషన్ రావు మంచం మీద కొత్త దుప్పటి వేసి పడుకోబెట్టింది. కళ్లు మూసుకుని పడుకున్నాను. బయట ఎవరో గట్టిగా మాట్లాడితే, “మెల్లగ మాట్లాడుండ్రే, పానం మీదికొచ్చి లేసింది” అని కసిరింది. రెండు గంటలు అలాగే ఉన్నాను. మొదటి గంట నా మీద నాకు అసహ్యం వేసింది. రెండో గంట ఏం జరిగిందో చెబితే నీకు నవ్వొస్తుంది. నిద్రపట్టింది.

నువ్వు ధైర్యంగా రా. ఆమె నీకోసం చూస్తోంది. స్టేషనుకు అన్నయ్య వస్తాడు. నాకు రావాలనే ఉంది. కాని జబ్బు మనిషిని, అంత దూరం రాకూడదట.

అక్క,
భారతి